పాత టర్బో కారు కొనేవాళ్లకు: టెంపరేచర్ ముల్లును నమ్మి బయానా ఇవ్వకండి

పాత స్పోర్ట్స్ మోడల్ కార్ల కోసం హైదరాబాద్‌లో కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నవాళ్లు, బయానా చేతిలో పెట్టేముందు ఇది చదవండి. నాకు లక్షా ముప్పై ఎనిమిది వేలు వదిలాయి. రెండున్నర నెలలు బండి షెడ్డులో ఉంది, నేను మెట్రోలో ఉన్నాను.

బండి 2006 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 హార్స్‌పవర్. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీమ్ లీడర్ దగ్గర ఉండేది. ఒక రాత్రి ఇంటి దగ్గర దింపుతానని ఎక్కించుకున్నాడు. టర్బో అందుకోగానే వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆ రోజు నుంచి ఆ బండి బుర్రలో కూర్చుండిపోయింది. నాకు దొరికినది పదిహేనేళ్లు ఎప్పుడో దాటినదే, కానీ ఆర్‌సీ అయిదేళ్లకు రెన్యూవల్ చేయించి ఉంది, ఎక్కడా తుప్పు లేదు. నాలుగు లక్షల ఇరవై వేలకు బేరం తెగింది. రేటు గురించి నాకిప్పటికీ బాధ లేదు. బాధంతా దాచిన రోగం గురించే. కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు, వాళ్లతో వ్యవహారం ఇంకా తేలలేదు.

చూడ్డానికి వెళ్లింది జనవరిలో, ఆదివారం ఉదయం ఏడింటికి. నేను వెళ్లేసరికే ఇంజిన్ నడుస్తోంది. బానెట్ వెచ్చగా ఉంది. "మీరొస్తున్నారని స్టార్ట్ చేసి పెట్టాం సార్" అన్నారు. ఎంత మర్యాదో అనుకున్నాను. ముందు ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతున్నాయి, ఏసీ కూడా వెయ్యలేదు. అదేంటని అడిగితే "స్పోర్ట్స్ కారు కద సార్, ఇట్లనే తిరుగుతయ్" అన్నాడు కుర్రాడు. నెక్లెస్ రోడ్డు మీద ఒక చుట్టు, తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి దాకా. ఔటర్ మీద వంద దాటాక టెంపరేచర్ ముల్లు 90 నుంచి జారి 70 దగ్గరికి వచ్చింది. "చూడండి సార్, ఎంత కూల్‌గా పోతుందో" అన్నాడు. నేనూ మురిసిపోయాను.

ఆ సాయంత్రం సూర్యాపేటలో ఉండే మా బాబాయికి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. అంతా విని ఒకే మాట అడిగాడు: "వాల్వ్ ఉందారా, పీకేసిన్రా?" నేను నవ్వాను. "బాబాయ్, ఇది మీ లారీ కాదు, ఇందులో అన్నీ కంప్యూటర్లే" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏప్రిల్ మూడో వారం, మధ్యాహ్నం రెండున్నర. మెహదీపట్నం నుంచి టోలిచౌకి వైపు వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా పాపా. బండ్లు బండ్లకు ఆనించి ఉన్నాయి. మొదట పాప అంది, "నాన్నా, వేడి గాలి వస్తోంది" అని. ఏసీ గ్యాస్ అయిపోయిందేమో అనుకున్నాను. కాదు. ఇంజిన్ మరీ వేడెక్కితే ఈ బండి తనంతట తానే ఏసీ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. అదే నాకు అందిన మొదటి హెచ్చరిక, నేను చదువుకోలేకపోయాను. ఎందుకంటే మీటరు చూశాను, ముల్లు 90 మీదే ఉంది! రెండు మూడు నిమిషాలు గడిచాయో లేదో అది ఒక్కసారిగా లేచింది, మూడు బీప్‌లు, ఎర్ర దీపం. పక్కకు తీసేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి. పాకం మాడినట్టు ఒక తియ్యటి వాసన. అది కూలెంట్ వాసన, ఇంజిన్‌ను చల్లబరచడానికి లోపల తిరిగే ద్రవం. వాసన తియ్యగా ఉన్నా అది విషం, కారిన చోట కుక్కల్నీ పిల్లల్నీ రానివ్వకండి.

ఎవరో నీళ్ల బాటిల్ పట్టుకొచ్చారు, నేను మూత మీద గుడ్డ వేశాను. వెనకే ఆగిన ఆటో ఆయన దిగి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, మూత ముట్టకు, మొఖం కాల్తది. అరగంట ఆగు." ఆ పెద్దమనిషి పేరు కూడా అడగలేదు నేను.

మలక్‌పేట వైపు ఇలాంటి బండ్లే చూసే మెకానిక్ ఒకాయన ఉంటే టో చేయించాను. ఈ బండిలో కూలెంట్ డబ్బా తెల్లగా బంతిలా ఉంటుంది, పైన నీలం మూత. ఆయన మూత తీసి వేలు ముంచి నాకు చూపించాడు. "ఇది కూలెంటా సార్, చింతపండు పులుసా?" ముదురు గోధుమ రంగు, వేలికి జిగురుగా అంటుకుంది. ఈ ఇంజిన్‌కు పొయ్యాల్సింది గులాబీ రంగు కూలెంట్. దాంట్లో ఎవరో ఆకుపచ్చది కలిపారు, పైన బోరు నీళ్లు పోశారు. ఆ రెండు రకాలూ కలిస్తే పడవు, గోధుమ రంగు మడ్డి అవుతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు సంగతి గీజర్ కాయిల్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, అదే తెల్ల పొర రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. ఇక్కడ నిజం చెప్పాలి. మార్చిలో లెవెల్ తగ్గిందని మా వాచ్‌మన్ చేత నేనూ ఒక లీటరు బోరు నీళ్లు పోయించాను. లెవెల్ ఎందుకు తగ్గిందో మాత్రం ఆలోచించలేదు.

తర్వాత థర్మోస్టాట్ హౌసింగ్ విప్పాడు. లోపల ఖాళీ. రబ్బరు రింగు ఒక్కటే ఉంది. బాబాయి అడిగిన వాల్వ్ అంటే ఆ థర్మోస్టాటే, దాన్ని పీకేశారు.

టైమింగ్ బెల్ట్ దింపి వాటర్ పంపు బయటికి తీశాడు. దాని మీద ఏ కంపెనీ ముద్రా లేదు. లోపల ప్లాస్టిక్ రెక్కల చక్రం. ఆయన షాఫ్ట్ గట్టిగా పట్టుకుని రెక్కల్ని వేలితో తిప్పాడు. రెక్కలు తిరిగాయి, షాఫ్ట్ కదల్లేదు. ప్లాస్టిక్ నడిమధ్యలో సన్నగా పగిలి, ఒకసారి పట్టుకుంటూ ఒకసారి జారిపోతూ ఉంది. అంటే బెల్ట్ తిరుగుతుంది, షాఫ్ట్ తిరుగుతుంది, నీళ్లు మాత్రం సరిగా కదలవు. ఈ 1.8 టర్బోల మీద పని చేసినవాళ్లకు ప్లాస్టిక్ రెక్కల సంగతి బాగా తెలుసు, లోహపు రెక్కలది చూసి వేస్తారు.

ఫ్యాన్ల వైర్లు ఇంజిన్ వేడితో సంబంధం లేకుండా ఇగ్నిషన్‌కు డైరెక్ట్ కలిపి, నల్ల టేపు చుట్టి ఉన్నాయి. టేపు ఇంకా కొత్తగా మెరుస్తోంది.

ఇప్పుడు వీళ్లు ఏం చేశారో అర్థమైంది కదా. వాల్వ్ పీకేయడం మన దగ్గర పాత అలవాటు, "మన ఎండలకు వాల్వ్ ఎందుకు సార్" అని మంచి మెకానిక్‌లే అంటారు. థర్మోస్టాట్ పని ఇంజిన్‌ను చల్లబరచడం కాదు. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపడం. ఈ ఇంజిన్‌లో అది సుమారు 87 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. దాన్ని తీసేస్తే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరుగుతాయి. ఫ్యాన్లూ ఎప్పుడూ తిరుగుతాయి. పంపు బలహీనంగా ఉన్నా, రేడియేటర్ సగం పూడుకుపోయినా చలికాలం ఉదయాల్లో అస్సలు తెలియదు. రోగం తగ్గలేదు, మే నెలకు వాయిదా పడింది, అంతే. పైగా ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. నాకు మూడు నెలలూ సిటీలో లీటరుకు ఆరు కిలోమీటర్లే వచ్చింది, టర్బో కదా తాగుతుందిలే అనుకున్నాను.

మరి టోలిచౌకిలో ముల్లు 90 మీద ఎందుకు నిలబడింది? ఈ తరం బండ్లలో చాలావాటికి ఆ మీటరు నిజం మొత్తం చెప్పదు. అసలు వేడి దాదాపు 75 నుంచి 105 దాకా ఎక్కడున్నా ముల్లు 90 మీదే ఆగేలా అమర్చారు, ప్రతి చిన్న మార్పుకూ డ్రైవర్ కంగారు పడకుండా. ముల్లు పైకి కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అదే ముల్లు జనవరిలో 70కి దిగిందంటే ఇంజిన్ ఎంత చల్లబడితే దిగాలి? అబద్ధం చెప్పే మీటరు నాకు ఒక్కసారి నిజం చెప్పింది, నేను దాన్ని చూసి మురిసిపోయాను.

కాబట్టి పాత టర్బో ఏదైనా చూడ్డానికి వెళ్లేటప్పుడు, ముందు రోజే ఫోన్ చేసి నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి వేరే రోజు వస్తామనండి. చల్లగా ఉంటేనే కూలెంట్ మూత తియ్యండి. రంగు చూడండి, మూత లోపలి అంచు వేలితో తుడిచి చూడండి. ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ తెట్టులాంటిది ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాల్సిందే. స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే, ఇంకా ఇంజిన్ చల్లగా ఉండగానే పై రేడియేటర్ పైపు రాయిలా బిగుసుకుంటే సిలిండర్ల గ్యాస్ నీళ్లలోకి వస్తున్నట్టు. అది హెడ్ గ్యాస్కెట్ పని, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు పోయినట్టు, అక్కడితో బేరం ఆపేయండి.

ఏసీ వెయ్యనంతసేపూ చల్లని ఇంజిన్ మీద ఫ్యాన్లు తిరగకూడదు. ఏసీ వెయ్యగానే తిరగాలి. తిరగకపోయినా తప్పే, నాలాగా ఆగకుండా తిరిగినా తప్పే. ఇగ్నిషన్ ఆపాక కాసేపు తిరగడం మాత్రం కొన్ని బండ్లలో మామూలే, దానికి భయపడకండి.

ఇక అసలైనది ఎండలో పరీక్ష. ఉదయం ఏడింటికి టెస్ట్ డ్రైవ్ ఇస్తామంటే వద్దనండి. మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఫుల్ పెట్టి అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో, నిలబెట్టి ఐడ్లింగ్‌లోనో ఇరవై అయిదు నిమిషాలు ఉంచండి. ఓబీడీ పోర్టుకు, అంటే బండి కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్‌కు పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కుని జేబులో వేసుకెళ్లండి, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. మీటరు మీద ముల్లు కదలకపోయినా ఫోన్‌లో అసలు డిగ్రీలు కనిపిస్తాయి. నిలబడి ఉన్నప్పుడు వేడి పెరుగుతూ ఫ్యాన్ తిరగ్గానే దిగుతూ ఒక లయలో ఉంటే మంచిది. 105 దాటి ఇంకా ఎక్కుతూ ఉంటే తాళం తిరిగి ఇచ్చేయండి. ఔటర్ మీద 70కి పడిపోతే వాల్వ్ పీకేశారా అని ముఖం మీదే అడగండి. నేను ఈ స్కానర్ కొన్నది వేడికి వంగిన హెడ్ ఫేసింగ్‌కు, అంటే చదును చేయించడానికి వెళ్లాక.

టైమింగ్ బెల్ట్ కొత్తగా మార్చాం అని గొప్పగా చెబుతారు. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపును తిప్పేది ఆ బెల్టే, కాబట్టి రెండూ కలిపే మారుస్తారు. బిల్లులో పంపు ఉందా, ఏ కంపెనీది అని చూడండి. బిల్లే లేదంటే మార్చలేదనే లెక్క.

కూలెంట్ డబ్బా మూత కూడా పాతదైతే మార్చేయండి. చిన్న వస్తువే కానీ దాని స్ప్రింగే లోపల ఒత్తిడిని పట్టి ఉంచేది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఒక బార్, అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడి అంత, అదనపు ఒత్తిడి ఉంటే దాదాపు 120 దాకా మరగవు. స్ప్రింగ్ వదులైతే ఆ భరోసా పోతుంది.

దారిలో వేడెక్కితే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ పెంచి, వీలైనంత త్వరగా పక్కకు ఆపండి. మేలో హీటర్ అంటే నరకమే, కానీ ఇంజిన్ వేడి కొంత అటు నుంచి బయటికి పోతుంది. ఎర్ర దీపం వెలిగితే మాత్రం ఇంటిదాకా లాగుదాం అనుకోవద్దు.

నేను రెండు నిమిషాలు ఆలస్యం చేసినందుకు హెడ్ వంగింది, గ్యాస్కెట్ పోయింది. ఆ పనికే యాభై రెండు వేలు. మిగతాది పంపు, బెల్ట్ కిట్, రేడియేటర్, థర్మోస్టాట్, ఫ్యాన్ వైరింగ్, పైపులు, లేబర్.

బిల్లులు, టేపు ఫోటోలు, ఆ పంపు పట్టుకుని కన్సల్టెన్సీకి వెళ్తే "మా దగ్గరున్నప్పుడు మంచిగనే ఉండె సార్" అన్నారు. నేను సంతకం పెట్టిన కాగితం చూపించారు, ఉన్నది ఉన్నట్టుగా కొన్నానని. ఆర్‌సీలో ఉన్న పాత ఓనర్‌ను పట్టుకున్నాను. "ట్రాఫిక్‌లో హీట్ అవుతుందని చెప్పే ఇచ్చానండీ, అందుకే తక్కువకు తీసుకున్నారు" అన్నారాయన. వాట్సాప్‌లో అదే రాసి పంపమంటే పంపారు కూడా. 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాస్తున్నాను. చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వెయ్యాలి. మీరు కొనేటప్పుడు ఆ ఉన్నది ఉన్నట్టుగా కాగితం మీద సంతకానికి ముందే, ఇంజిన్ వేడెక్కే సమస్య లేదని, వాల్వ్ ఉందని వాళ్ల చేత వాట్సాప్‌లో రాయించుకోండి. రాయకపోతే మీకు జవాబు వచ్చినట్టే.

మొన్న శనివారం నా ఫ్రెండ్ అదే చోట ఇంకో పాత టర్బో చూడ్డానికి వెళ్లాడు, ఎర్రది. ఉదయం ఎనిమిదింటికి రమ్మన్నారట. వాడు చెప్పకుండా ఏడున్నరకే వెళ్లాడు. గేటు బయట నిలబడి నాకు ఫోన్ చేశాడు, "ఏసీ లేదు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయిరా" అని.