నాలుగు డోర్ల రూబికాన్‌తో బండరాళ్ల దారి ఎక్కాక

జీప్ రాంగ్లర్ రూబికాన్ అనగానే అందరూ ముందు ఇంజిన్ పవర్ ఎంత అని అడుగుతారు. బండరాళ్ల మీదకి వెళ్లాలనుకునేవాళ్లు అడగాల్సిన అంకె వేరే ఉంది. అది 77.2. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో ఫస్ట్ గేర్ నిష్పత్తి 4.71, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టె) లో-రేంజ్‌ది 4, యాక్సిల్‌ది 4.10. ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేది అదే. ఇంజిన్ 77 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట. ఐడిల్‌లో 750 ఆర్‌పీఎం ఉందనుకుంటే, 33 అంగుళాల టైరు మీద బండి గంటకు కిలోమీటరున్నర పోతుంది. మనిషి నడకలో మూడో వంతు కూడా లేదు! ఇదే రాంగ్లర్‌లో కింది వేరియంట్‌కి 2.72 ట్రాన్స్‌ఫర్ కేస్, 3.45 యాక్సిల్ వేస్తే లెక్క 44 దగ్గరే ఆగిపోతుంది. రూబికాన్‌కి అదనంగా పెట్టే డబ్బులో నా దృష్టిలో సగం ఈ తేడాకే పోవాలి.

దారి విషయానికొస్తే, ఎండిపోయిన వాగు. మొదట్లో గుండ్రాళ్లు, అవి కాస్త కదులుతాయి గానీ పెద్ద కష్టమేం కాదు. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. మోకాలెత్తు రాతి మెట్టు ఒకటి అడ్డంగా ఉంటుంది. దాని ఎడమ పక్క పగులు, కుడి పక్క కారు బానెట్ ఎత్తున్న బండ. మెట్టు ఎక్కేటప్పుడు అద్దంలోంచి కనపడేది ఆకాశం, బానెట్ మాత్రమే. ముందు గ్రిల్‌లో ఉన్న కెమెరా అప్పుడు పనికొస్తుంది, దానికి నీళ్లు చిమ్మి కడిగే నాజిల్ కూడా ఉంది. అయినా టైరు రాయి మీద ఎక్కడ ఆనుతోందో కెమెరా చెప్పదు. అది చెప్పడానికి బయట మనిషి ఉండాల్సిందే.

మా బావ దిగి ముందు నిలబడ్డాడు. "బావా, ఎడమకి తిప్పు... ఇంకొంచెం... ఆగు, ఆగు! ఇప్పుడు నిటారుగా రా." చెప్పేది ఒక్కడే అయ్యుండాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి చేతులూపితే ఎంత మంచి బండైనా పొట్ట రాయికి తగిలించుకుంటుంది. కొత్తవాళ్లు రాయిని రెండు చక్రాల మధ్యకి తెచ్చుకుని దాటిద్దామని చూస్తారు. ముందూ వెనకా ఘన యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండిలో అలా చేస్తే ఇరుసు మధ్యలో గుండులా ఉబ్బి ఉండే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, సరిగ్గా ఆ రాయికే తగులుతుంది. టైరును నేరుగా రాయి మీదకే ఎక్కించాలి. అప్పుడు యాక్సిల్ కూడా దాంతోపాటు పైకి లేస్తుంది.

మెట్టు దగ్గర మొదట స్వే బార్ బటన్ నొక్కాను. మలుపుల్లో బండి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపి పట్టుకునే కడ్డీ అది. బార్ విడిపోగానే కుడి చక్రం బండ మీదకి పోతున్నా ఎడమ చక్రం కిందకి సాగి నేలను వదల్లేదు. ఆ బటన్ లేని బండి ఇదే చోట ఒక చక్రం గాల్లో పెట్టి ఊగుతూ ఉంటుంది. గంటకు 29 కిలోమీటర్లు దాటితే బార్ దానంతటదే మళ్లీ కలుస్తుంది. ఇలాంటి దారిలో ఆ వేగం ఎలాగూ రాదు కాబట్టి ఆ గొడవే లేదు.

ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే లాకర్ల గురించి మాత్రం జనం కొంచెం ఎక్కువ ఊహించుకుంటారు. నేను మొదట వెనక లాకర్ మాత్రమే వేసి చూశాను, చాలావరకు అదే లాగేసింది. ముందుది కూడా వేస్తే నాలుగు చక్రాలూ పట్టు పట్టి లాగుతాయి, నిజమే. కానీ స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి తిరగమన్న వైపు తిరగదు. అందుకే మెట్టు అంచున మాత్రమే వేసి, పైకి రాగానే తీసేశాను. యాక్సిలరేటర్ మీద కుడి కాలు, బ్రేకు మీద ఎడమ కాలు, రెండూ కొద్ది కొద్దిగా నొక్కి పట్టుకుంటే రాయి దిగేటప్పుడు బండి ధడాల్మని పడదు. ఆ పట్టు చేతికి రావడానికే టైం పడుతుంది.

ఇక నాలుగు డోర్ల మోడల్ తీసుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 3,008 మిల్లీమీటర్లు, రెండు డోర్లదానికి 2,460. బ్రేక్‌ఓవర్ యాంగిల్, అంటే పొట్ట తగలకుండా దాటగలిగే గుట్ట కోణం, దీనికి సుమారు 22.6 డిగ్రీలు, దానికి దాదాపు 28. కాగితం మీద ఇది చిన్న తేడాలా ఉంటుంది. మెట్టు దాటుతుండగా పొట్ట కింద కాపలాగా ఉండే స్కిడ్ ప్లేట్ రాయి మీద గరగరమని జారిన శబ్దం వింటే ఆ ఐదు డిగ్రీల విలువ తెలుస్తుంది. లోపల కూర్చున్న మా అక్క, "ఏం విరిగిందిరా?" అని కంగారుపడింది. ఏమీ విరగలేదు. ఆ ప్లేట్లు అందుకే ఉన్నాయి, డోర్ల కింద ఇనుప రాక్ రెయిల్స్ కూడా అందుకే. గీతలు పడతాయి, పడనివ్వండి. గీత పడకూడదనుకునేవాళ్లు ఈ బండిని తారు రోడ్డు మీదే ఉంచుకోవడం మేలు.

డాష్‌బోర్డు తెరమీద ఆఫ్‌రోడ్ పేజీల్లో ట్రాన్స్‌మిషన్ వేడి కనపడుతుంది. అంత నిదానంగా పోయేటప్పుడు గాలి తగలదు కాబట్టి, ఆ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచాలి. మిగతా పేజీలు ఫొటోలకి బాగుంటాయి.

ఇంత చెప్పాక కూడా, డబ్బు ఖర్చు లేకుండా బండిని మార్చేసేది టైర్లలో గాలి తగ్గించడం. రోడ్డు మీద 36, 37 పీఎస్ఐ ఉండే టైరును 16కి దించితే పక్కలు ఉబ్బి, అడుగు పొడవుగా పరుచుకుని, రాయిని చెయ్యి పట్టినట్టు పట్టుకుంటుంది. టైరు అంచును బిగించి పట్టే బీడ్‌లాక్ రిమ్ములు లేకపోతే 12 కన్నా కిందకి పోవద్దు, టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదముంది. తిరిగి గాలి కొట్టడానికి నేను ఒక చిన్న కంప్రెసర్ కొనుక్కున్నా. ఏ కంపెనీదో చెప్పను గానీ రెండో టైరుకే వేడెక్కి ఆగిపోయింది. 33 అంగుళాల టైర్లు నాలుగు నింపాలంటే బ్యాటరీకే నేరుగా క్లిప్పులు తగిలించుకునే పెద్దది కావాలి. బండి మీద ఇంత పెట్టినవాళ్లు అక్కడ మిగుల్చుకోవాలని చూడకండి.

కుటుంబంతో తిరుగుతూ, వీలైనప్పుడు రాళ్లెక్కుతానంటే నాలుగు డోర్లదే తీసుకోండి, పొట్ట గీసుకోవడానికి సిద్ధపడి. రాళ్లే పని అయితే రెండు డోర్లది. తారు రోడ్డు మీద రెండింటిలోనూ గాలి హోరు ఉంటుంది, పెద్ద గుంత వచ్చిందంటే వెనక కూర్చున్నవాళ్లు తిడతారు.