ఫ్రతెల్లి తుత్తి: కొనండి, పెన్సిల్ దగ్గర పెట్టుకుని చదవండి

ముందే చెప్పేస్తున్నా, నేను వేదాంతం చదివినవాణ్ని కాదు. ఆదివారం చర్చిలో పూజకి వెళ్లి వెనక బెంచీలో కూర్చుని, ప్రసంగం సాగితే వాచీ చూసుకునే రకం. అందరూ అన్నదమ్ములేనని ఫ్రాన్సిస్ పోపు గారు రాసిన ఈ పుస్తకం భక్తితో కూడా కొనలేదు, మా మేనమామతో వాదనలో గెలవాలని కొన్నాను. ఆయన రిటైరైన టీచరు, లత్తీను భాషలో చేసే పాత పూజ పోయాక శ్రీసభలో (అంటే కతోలిక చర్చిలో) పస పోయిందని నమ్మే మనిషి. ఎవరో పంపిన వీడియోలు చూసి, "అందరూ అన్నదమ్ములేనంటే జ్ఞానస్నానం ఎందుకురా అల్లుడూ, ఆ మిషనరీలు సముద్రాలు దాటి మన దాకా ఎందుకొచ్చినట్టు?" అని ఏళ్లుగా నన్ను తినేస్తున్నాడు. ఆయన చదవకుండా తిట్టేవాడు, నేను చదవకుండా సమర్థించేవాణ్ని.

విషయం తెలియని వాళ్ల కోసం: ఇది ఫ్రాన్సిస్ పోపు గారు లోకమంతటికీ రాసిన పెద్ద లేఖ. 2020 అక్టోబర్ 3న ఇటలీలోని అస్సీసిలో, తను పేరు పెట్టుకున్న పాతకాలపు సన్యాసి పునీత ఫ్రాన్సిస్ సమాధి దగ్గర సంతకం పెట్టారు, మర్నాడు విడుదలైంది. 8 అధ్యాయాలు, 287 పేరాలు. నేను కొన్నది ఇంగ్లీషు పేపర్‌బ్యాక్, ఒక గుడి పక్కన ఉన్న చిన్న పుస్తకాల షాపులో. రేటు తక్కువే గానీ బైండింగ్ మరీ ఘోరం, మూడో అధ్యాయానికి వచ్చేసరికి పేజీలు విడివిడిగా చేతిలోకి వచ్చాయి. షాపాయన్ని అడిగితే "పవిత్ర గ్రంథం సార్, మెల్లగా తిప్పాలి" అన్నాడు. ఫుట్‌నోట్లన్నీ చివర్లో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే ఈ లేఖ మీద జరిగిన అసలు గొడవల్లో ఒకటి ఫుట్‌నోట్‌లోనే ఉంది.

గొడవ పేరు దగ్గరే మొదలైంది. ఫ్రతెల్లి తుత్తి అంటే 'సోదరులందరూ' అని అర్థం, పునీత ఫ్రాన్సిస్ తన మఠవాసులకు చెప్పిన ఉపదేశాల్లోంచి తీసుకున్నారు. మరి అక్కచెల్లెళ్లు ఏరీ అని పుస్తకం బయటికి రాకముందే కతోలిక స్త్రీలు నిలదీశారు. అందరూ ఇందులో ఉన్నట్టేనని వాటికన్ సర్దిచెప్పి, ఏ భాషలోనైనా ఇటాలియన్ పేరే ఉంచేసింది. మా అమ్మకి చెబితే, "ఉంటే పిలవాలిగా" అని కూర కలుపుకుంటూ వెళ్లిపోయింది.

మామయ్య అసలు కోపం మాత్రం అబుదాబి మీద. 2019 ఫిబ్రవరి 4న అక్కడ పోపు గారు, ఈజిప్టులోని పేరున్న ఇస్లామిక్ విద్యాపీఠం అల్ అజ్హర్ పెద్ద ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్ కలిసి మానవ సౌభ్రాతృత్వం మీద ఒక పత్రం మీద సంతకాలు పెట్టారు. రంగులు, జాతులు, భాషలు ఎలా వేరువేరుగా ఉన్నాయో మతాలు కూడా అలా వేరువేరుగా ఉండటం దేవుడి చిత్తమే అనే అర్థం వచ్చే వాక్యం అందులో ఉంది. కజకిస్తాన్ సహాయ పీఠాధిపతి (బిషప్) అథనేసియస్ ష్నైడర్ దీని గురించి పోపు గారినే నేరుగా అడిగారు, దేవుడు కోరుకున్నాడని కాదు, జరగనిచ్చాడని అర్థం చేసుకోవచ్చని పోపు గారు ఒప్పుకున్నారట. నాకు ఇది సరిపోయే జవాబు అనిపించలేదు, ఎందుకంటే కాగితం మీద వాక్యం వాక్యంలాగే ఉంది. అయితే ఈ లేఖలో ఆ వాక్యం లేదు. 285వ పేరాలో ఆ పత్రంలోంచి శాంతి కోసం చేసిన విన్నపాన్ని ఎత్తి రాశారు గానీ, గొడవ పెట్టిన వాక్యాన్ని ముట్టుకోలేదు. మామయ్య దీనికోసం పుస్తకం మొత్తం వెతికి, దొరక్క, "దాచేశారు" అన్నాడు.

సోదరభావం పేరుతో నడిచే రహస్య సంఘం ఫ్రీమేసన్ల సంగతి కూడా ఒకసారి తేల్చేద్దాం. లేఖ రాగానే స్పెయిన్ మేసన్ల గ్రాండ్ లాడ్జ్ మెచ్చుకుంది, పోపు మా సోదరభావంలోకి వచ్చాడన్నట్టు రాసుకుంది. ఇక చూడండి, పోపు గారిని తిట్టిపోసే ఆర్చిబిషప్ విగానో లాంటివాళ్లకి పండగే. ఎదురింటివాడు మన కూర బాగుందన్నంత మాత్రాన వంట వాడు చేసినట్టు కాదు కదా. మేసన్లలో చేరకూడదనే నిషేధం 1738 నాటిది, ఇదే పోపు గారి హయాంలో 2023లో వాటికన్ మళ్లీ ఖాయం చేసింది. విగానోని 2024లో వెలివేశారు, పోపు అధికారాన్నే ఒప్పుకోనన్నందుకు.

కానీ విమర్శకుల్లో సరైన పాయింట్ పట్టుకున్నవాళ్లు లేరని కాదు. 1219లో పునీత ఫ్రాన్సిస్ ఈజిప్టు వెళ్లి సుల్తాన్ అల్ కామిల్‌ని కలిసిన కథతో ఈ లేఖ మొదలవుతుంది. వాదన పెట్టుకోకుండా వినయంగా ఉండమన్నాడని చెబుతుంది. అంతవరకు నిజమే. కానీ పాత జీవిత చరిత్రల్లో ఆయన సుల్తానుకి క్రీస్తుని ప్రకటించాడు, కావాలంటే మంటల్లో నడుస్తానన్నాడు కూడా. ఆ సగం ఇక్కడ కనపడదు. మామయ్య ఇక్కడ గెలిచాడు, ఒప్పుకుంటున్నా.

ఇక యుద్ధం. పాత కాలం కొలతలు పట్టుకుని ఈ రోజుల్లో 'న్యాయమైన యుద్ధం' అనడం చాలా కష్టం అని 258వ పేరా. ఇంతవరకూ పర్వాలేదు. దాని కింద 242వ ఫుట్‌నోట్‌లో, పాతకాలపు వేదాంతి పునీత అగస్తీను అల్లిన ఆ భావనని ఇప్పుడు మనం సమర్థించడం లేదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పదిహేను వందల ఏళ్ల బోధనని చీమ తలకాయ అక్షరాల్లో పక్కన పెట్టడమేంటి? శ్రీసభ బోధనల పుస్తకం సత్యోపదేశంలో 2309వ సంఖ్య దగ్గర ఆత్మరక్షణ యుద్ధానికి షరతులు ఇంకా అలాగే ఉన్నాయి. రెండూ ఎలా కలుస్తాయో విడమరచి రాయాల్సింది. (ఇప్పుడున్న పోపు లియో గారు అగస్తీను పేరు మీదున్న సన్యాసుల సభవారే, ఆ నోట్ దగ్గర ఆయన ఏమనుకుని ఉంటారో అని నాకు నవ్వొస్తుంది.)

సొంత ఆస్తి గొడవ మాత్రం అనవసరంగా పెరిగింది. ఆస్తి హక్కు తిరుగులేనిదని క్రైస్తవ సంప్రదాయం ఎప్పుడూ అనలేదని 120వ పేరా. 1891లో పదమూడో లియో పోపు ఆస్తిని ముట్టుకోకూడదన్నారు కదా, ఇది కమ్యూనిజం అని విమర్శకులు అరిచారు. కమ్యూనిజానికి అంతగా ఎదురు నిలిచిన రెండో జాన్ పాల్ పోపే 1981లో దాదాపు ఇదే మాట రాశారు. మామయ్యకి మూడెకరాల మాగాణి ఉంది, ఈ పేరా దగ్గర పెన్సిల్ గట్టిగా నొక్కాడు.

పుస్తకంగా చూస్తే సాగతీత ఎక్కువ. తన పాత ప్రసంగాల్లోంచే ఎత్తి పెట్టుకున్న ముక్కలు బోలెడు, రాజకీయాల అధ్యాయం సగంలో నేను రెండుసార్లు నిద్రపోయాను.

రెండో అధ్యాయం వేరు. బైబిల్లోని మంచి సమరయుని కథ ఒక్కటే, 56 నుంచి 86వ పేరా దాకా. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని చూసి పక్కనుంచి వెళ్లిపోయింది ఎవరో నాస్తికుడు కాదు, యాజకుడు, లేవీయుడు, అంటే గుడి సేవ చేసేవాళ్లే అని ఆయన వదలకుండా చెబుతారు. బానిసత్వాన్ని తప్పని గట్టిగా చెప్పడానికి శ్రీసభకి ఎందుకంత కాలం పట్టిందో అని ఒక పోపు తన లేఖలోనే అనుకోవడం చదివి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా అమ్మమ్మ గారి ఊళ్లో సమాధుల తోట గుర్తొచ్చింది. ఒకే గుడి, ఒకే సత్ప్రసాదం, తోట మధ్యలో నడుం ఎత్తు గోడ. గోడకి ఇటు ఎవరో అటు ఎవరో చెప్పక్కర్లేదు. కతోలిక శ్రీసభలో దళితుల పట్ల వివక్ష ఉందని మన దేశ పీఠాధిపతులే 2016లో ఒక విధాన పత్రంలో ఒప్పుకున్నారు. 2022లో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు, తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్. ఆ రోజు మా అమ్మమ్మ గారి ఊళ్లో కూడా టపాకాయలు కాల్చారు. గోడ అలాగే ఉంది.

మామయ్యతో ఈ మాట అంటే, అబుదాబి గురించి గంట మాట్లాడగలిగే మనిషి, "అది వేరే విషయంలే" అన్నాడు. నేను కూడా రెట్టించలేదు, ఆ గోడకి మంచివైపున పడుకున్నది మా తాతలే.

రేటింగ్ అడిగితే, రాతకి మూడున్నర, రెండో అధ్యాయానికి ఐదు, బైండింగ్‌కి సున్నా. డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే వాటికన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది, ఫుట్‌నోట్ మీద నొక్కితే నేరుగా దాని దగ్గరికే వెళ్తుంది. నా ప్రతి ఇప్పుడు నా దగ్గర లేదు. చదివి ఇస్తానని తీసుకెళ్లిన మామయ్య నాలుగు నెలలైనా ఇవ్వలేదు. మొన్న వెళ్లినప్పుడు చూశాను, 120వ పేరా దాకా ప్రతి పేజీ అంచునా తప్పులు పట్టి ఉన్నాయి, రెండో అధ్యాయం మాత్రం తెల్లగా ఉంది. ఊడిన పేజీలు వరస తప్పకుండా రబ్బరు బ్యాండ్ వేసి, బైబిల్ పక్కన పెట్టుకున్నాడు.