క్విజ్ షో కోచింగ్‌కి 5,500 కట్టా: నోట్స్ దండగ, శాతాల కాగితం మాత్రం బంగారం

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగులు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపుల మధ్యలో టీవీ క్విజ్ షోలకి కోచింగ్ ఇచ్చే చోటు కూడా ఒకటుందని మా పిన్ని కూతురు చెప్పేదాకా నాకు తెలీదు. నాలుగు వారాలు, శని ఆదివారాలు మాత్రమే, ఫీజు 5,500, నోట్స్‌కి ఇంకో 600 వేరే. పేరు రాయట్లేదు, రాస్తే సార్ ఫోన్ చేసి గంట మాట్లాడతారు, ఆయన మాట మొదలెడితే ఆపడం మన వల్ల కాదు. మూడో ఫ్లోర్, లిఫ్టు ఉంది కానీ నేను వెళ్ళిన నెలంతా తిరగలేదు, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు ఆలోచించుకోండి. నేను మలక్‌పేటలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారి చిక్కడపల్లిలో దిగేదాన్ని, బండి మీద వెళ్తే పార్కింగ్‌కే అరగంట పోతుంది.

నా సంగతి చెప్పాలంటే బ్యాంకులో క్లర్కుని, చిన్నప్పట్నుంచి జీకే పిచ్చి, 2000లో హిందీలో అమితాబ్ షో మొదలైనప్పుడు ఇంట్లో అందరికంటే ముందు ఆన్సర్ అరిచే బ్యాచ్. తర్వాత దాని తెలుగు షో వచ్చింది, 2014లో మా టీవీ ఛానల్లో నాగార్జున, 2017లో చిరంజీవి, 2021లో జెమినీలో ఎన్టీఆర్, ప్రతిసారీ ఎస్సెమ్మెస్‌లు కొట్టడం, ఎవరూ పిలవకపోవడం. మా ఆయనైతే "నీ జ్ఞానమంతా సోఫాకే పరిమితం" అనేవాడు. ఈసారి ఒక షోకి ఫోన్ రౌండు దాటి ఆడిషన్‌కి పిలుపొచ్చింది, ఏ షో అని అడగొద్దు, సంతకం పెట్టిన కాగితాలున్నాయి. ఆ కంగారులో వెళ్ళి జాయినయ్యా.

ముందు నోట్స్ గురించి చెప్తా, ఎందుకంటే కోపం అక్కడే ఉంది. 340 పేజీల స్పైరల్ బైండింగ్, జిరాక్స్‌కి జిరాక్స్, కొన్ని పేజీలు బూడిద రంగులో 'పెన్నా'కి 'పెద్దా'కి తేడా తెలీనంతగా ఉన్నాయి. సరే ప్రింటు పోనీ, లోపల విషయం చూడండి: దేశంలో రాష్ట్రాలు 29 అట! 2019లో జమ్మూ కశ్మీర్‌ని కేంద్రపాలిత ప్రాంతాలు చేశాక 28 అయ్యాయి కదా. తెలంగాణ జిల్లాలు 31 అట, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయిన సంగతి పక్కనే గ్రూప్స్ చదివే ఏ పిల్లాణ్ణడిగినా చెప్తాడు. శని గ్రహానికి చందమామలు 62 అని ఉంది, 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి కలిపి 274 చేశారు. సార్‌కి చూపిస్తే "అవునవును, కొత్త ఎడిషన్‌ల మారుస్తున్నం" అన్నారు, మా ముందు బ్యాచ్‌ వాళ్ళకీ అదే చెప్పారట. ఆ 600 మాత్రం కట్టకండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ అడుగు దూరంలోనే ఉంది, రోజూ పేపర్లు తిరగేస్తే అంతకంటే మేలు.

ఇక ఫాస్టెస్ట్ ఫింగర్ (నాలుగు ఆప్షన్లని అడిగిన వరసలో అందరికంటే ముందు నొక్కినవాళ్ళకే ఆడే సీటు) ప్రాక్టీసు బాగుంది, నిజంగా బాగుంది. నాలుగు మీటల డబ్బాలు పన్నెండు చేయించి పెట్టారు, ఎవరో స్టూడెంటే తయారుచేశాడట, సెకను, దాని తర్వాత రెండంకెలు తెర మీద పడతాయి. మొదటి రోజు నాకు 9 సెకన్లు పట్టింది, సిగ్గేసింది, ఎందుకంటే ఆన్సర్ 2 సెకన్లలోనే తెలుసు, మిగతా 7 సెకన్లు ఏ మీట ఎక్కడుందో వెతుక్కున్నా. సార్ చెప్పిన చిట్కా ఒకటే: ఆప్షన్లు చూసేలోపు దిక్కు చూడండి. చిన్న నుంచి పెద్దకా, పెద్ద నుంచి చిన్నకా, పాతది ముందా, కొత్తది ముందా. ఉదాహరణకి చార్మినార్, మక్కా మసీదు, ఉస్మానియా యూనివర్సిటీ, సాలార్‌జంగ్ మ్యూజియం ఇచ్చి "కొత్తదాని నుంచి పాతదానికి" అన్నారు, పదిహేడు మందిలో పదకొండు మంది 1591 నాటి చార్మినార్ నుంచే మొదలెట్టాం, నేను కూడా. నాలుగో వారానికి 4 సెకన్లకి వచ్చా.

లైఫ్‌లైన్ల (ఆన్సర్ తెలీనప్పుడు వాడుకునే సాయాలు) క్లాసు సరదాగా గడిచింది. మిథాలీ రాజ్ ఎక్కడ పుట్టింది అని క్లాసులోనే ఆడియన్స్ పోల్ పెట్టారు, పన్నెండు మంది హైదరాబాద్, ముగ్గురు చెన్నై, ఇద్దరే జోధ్‌పూర్. కరెక్ట్ ఆన్సర్ జోధ్‌పూర్. "మనోళ్ళు మనదే అనుకునే క్వశ్చన్‌కు పోల్ అడగకుండ్రి" అన్నారు సార్, ఆయన రాయించిన వాటిల్లో నాకు గుర్తున్న వాక్యం ఇదొక్కటే. ఫోన్ చేసే మనిషికి ముందే చెప్పుకోండి, హలో అన్నాక క్షేమ సమాచారాలొద్దని. ఇది విని కూడా మా మరిదికి గట్టిగా చెప్పలేదు నేను, దాని ఫలితం కింద చెప్తా.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి మాక్ టెస్టులో ఆన్సర్ పక్కన ఎంత నమ్మకమో శాతంలో రాయాలి. 100, 70, 50, 30, ఏదైనా. మొదట్లో ఇదేం గోల అనుకున్నా, ఆన్సర్ చెప్పించుకోక ఈ లెక్కలేంటి, బ్యాంకులో చేసే లెక్కలు చాలవా అని. మూడో వారం చివర ఎవరి కాగితాలు వాళ్ళకి తిరిగిచ్చి, మీరు 100 అన్నవెన్ని, అందులో రైటెన్ని, 70 అన్నవెన్ని, రైటెన్ని అని కూడమన్నారు. నావి 100 అన్నవి 31, రైటు 27. ఓహో పర్లేదే అనుకున్నా. 70 అన్నవి 20, రైటు 9. తొమ్మిదే! మళ్ళీ లెక్కపెట్టా, తొమ్మిదే. 30 అన్నవి పదింటిలో నాలుగు రైటు. అంటే నేను "దాదాపు తెలుసు" అనుకున్నదానికీ "ఏమో, గుడ్డిగా" అనుకున్నదానికీ పెద్ద తేడా లేదన్నమాట. ఇన్నేళ్ళు సోఫాలో కూర్చుని రైటయినవి గుర్తుపెట్టుకుని తప్పినవి మర్చిపోయానని అప్పుడర్థమైంది. "మేడం, డెబ్బై అని రాసిన్రు గదా, ఇగో మీ డెబ్బై అంటే నలభై ఐదు" అన్నారు సార్, అందరి ముందే.

దాని మీద ఇంకో లెక్క. లక్షా అరవై వేల దగ్గర ఉన్నారనుకోండి, తర్వాతి ప్రశ్న 3,20,000ది, తప్పితే 10,000కి పడతారు. రెండు ఆప్షన్లే మిగిలి సగం సగం ఛాన్సుంటే, 3,20,000లో సగం ప్లస్ 10,000లో సగం, మొత్తం 1,65,000. అంటే చేతిలో ఉన్నదానికంటే 5,000 ఎక్కువ, దానికోసం గుండె ఆగేంత టెన్షన్. నాలుగు ఆప్షన్లూ ఉండి ఏమీ తెలీకపోతే 87,500, ఇక అడగనే అక్కర్లేదు. నిజంగా 70 శాతం అయితే 2,27,000, కళ్ళు మూసుకుని ఆడొచ్చు. కానీ ఆ 70 ఎవరి 70 అన్నదే కదా ప్రశ్న. నా 45తో వేస్తే 1,49,500 వచ్చింది, చేతిలో ఉన్నదానికంటే తక్కువ. ఈ అంకె చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నా, షూటింగ్ రోజు పర్సు కూడా లాక్కుంటారని తెలీక.

షూటింగ్ గురించి సార్ చెప్పనివి చాలా ఉన్నాయి, అందుకు ఒక మార్కు తీసేశా. పొద్దున 7కి రమ్మన్నారు, నేను సీట్లో కూర్చునేసరికి రాత్రి 8 దాటింది. ఏసీ చలికి పళ్ళు కొట్టుకున్నాయి. ఎంతో ఇష్టంగా పోచంపల్లి చీర కట్టుకెళ్తే, సన్నటి డిజైన్ కెమెరాలో అల్లాడినట్టు కనిపిస్తుందట, మార్చమన్నారు, అదృష్టం కొద్దీ బ్యాగులో గద్వాల చీర ఉంది. భోజనం ఏదో పెట్టారు, పెరుగన్నం బాగుంది.

ఫాస్టెస్ట్ ఫింగర్‌లో రెండుసార్లు పోయా. మూడోసారి గోదావరి, కృష్ణా, పెన్నా, కావేరి, సముద్రంలో కలిసే చోటుని బట్టి దక్షిణం నుంచి ఉత్తరానికి పెట్టమన్నారు. మ్యాపంటే మనకి పైనుంచి కిందకి చదవడమే అలవాటు కదా, నా పక్కనున్నాయన టకటకా గోదావరి నుంచి నొక్కేశాడు. నేను దిక్కు చూసి కావేరి నొక్కా. ఆ డబ్బాల క్లాసు డబ్బులు అక్కడే తిరిగొచ్చేశాయి.

సీట్లో కూర్చున్నాక మొదటి అయిదు ఎలా దాటానో గుర్తులేదు. ఆడియన్స్ పోల్ ఒక వంటింటి ప్రశ్నకి, రెండు తప్పు ఆప్షన్లు తీసేసే ఫిఫ్టీ ఫిఫ్టీ ఒక క్రికెట్ ప్రశ్నకి అయిపోయాయి. 1,60,000 ప్రశ్నకి హుస్సేన్ సాగర్ బుద్ధుడొచ్చాడు. 1990లో పడవ మీద తీసుకెళ్తుంటే నీళ్ళలో పడిన విగ్రహాన్ని బయటికి తీసి ఏ ఏడాది నిలబెట్టారు అని. రోజూ టాంక్‌బండ్ మీదుగా తిరిగేదాన్ని, 91 నుంచి 94 దాకా నాలుగు ఆప్షన్లు చూస్తే అన్నీ ఒకేలా కనిపించాయి. మరిదికి ఫోన్ కలిపారు. ఉన్నవి 30 సెకన్లు. "వదినా, టీవీలో ఉన్నారా, అన్నయ్య పక్కనున్నాడా, అమ్మకి చెప్పనా" అంటూ పది సెకన్లు తినేశాడు. నేను దాదాపు అరిచినట్టు ప్రశ్న చదివితే "1992, డిసెంబర్, వదినా, పక్కా" అన్నాడు. రైటే.

తర్వాతది 3,20,000ది: 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి ఏ బరువు విభాగంలో కాంస్యం గెలిచింది? 54, 58, 63, 69. నాకు 54 అని గట్టిగా అనిపించింది, ఎప్పుడో పేపర్లో చూసిన అంకె కళ్ళ ముందు కనిపిస్తోంది. హోస్ట్ గారు నవ్వుతూ "చెప్పేయండి" అన్నట్టు చూస్తున్నారు. లైఫ్‌లైన్లు లేవు. లోపల ఎంత శాతం అని నన్ను నేను అడిగితే డెబ్బై అనే వచ్చింది. డెబ్బై అనగానే సార్ గొంతు వినిపించింది. వదిలేస్తున్నానండీ అన్నా. రూల్ ప్రకారం వెళ్ళేముందు ఒక ఆన్సర్ చెప్పమన్నారు, 54 అన్నా. కరెక్టు 69. ఇంటికొచ్చి చూస్తే 1994, 95 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లు ఆవిడ గెలిచింది 54 కిలోల్లో, నాకు గుర్తున్నది అదన్నమాట. సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది 69లో. అసలు సిడ్నీలో ఆడవాళ్ళకి 54 అనే కేటగిరీయే లేదు, 53 ఉంది. నోట్స్‌లో వెతికితే "కరణం మల్లీశ్వరి, వెయిట్ లిఫ్టింగ్, కాంస్యం" అని ఒక లైను, అంతే.

డబ్బులు కొన్ని నెలలకి పడ్డాయి, 1,12,000. గెలిచింది 1,60,000 కదా అంటే 30 శాతం టీడీఎస్, 48,000 ముందే కోసేశారు. ఎల్ఐసీ, పీఎఫ్ చూపించి వెనక్కి తెచ్చుకుందామనుకుంటే ఆడిటర్ నవ్వాడు, గేమ్ షో ప్రైజు మీద ఆ తగ్గింపులేవీ నడవవట, పైగా రిటర్న్‌లో 4 శాతం సెస్సు ఇంకో 1,920 కట్టించాడు. కోచింగ్ ఫీజు ఖర్చు కింద చూపించడానికి కూడా వీల్లేదు. బ్యాంకులో పనిచేస్తూ ఇది తెలీదా అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. సార్ క్లాసులో దీనికి పది నిమిషాలు పెడితే ఏం పోయేది?

ఇంకొకటి, ఆ బిల్డింగ్ మెట్ల దగ్గరే ఒకడు "డైరెక్ట్ సెలెక్షన్ ఇప్పిస్తా, ఇరవై వేలు" అని తగులుకున్నాడు, కోచింగ్ వాళ్ళకి సంబంధం లేదంట, దూరంగా ఉండండి. వాట్సాప్‌లో షో పేరు పెట్టి 25 లక్షల లాటరీ తగిలిందని వచ్చే మెసేజ్‌లు కూడా మోసమే, మా బ్యాంకుకి ఆ ఏడుపుతో వచ్చినోళ్ళని చూశా.

అయిదుకి మూడు ఇస్తున్నా. నోట్స్‌కి సున్నా, డబ్బాలకి ఫుల్లు. వెళ్ళేవాళ్ళు ఆదివారం బ్యాచ్‌కి కాస్త ముందుగా వెళ్ళి ఫ్యాను కింద సీటు పట్టుకోండి, పెన్ను తీసుకెళ్ళండి. పెన్సిల్‌తో శాతాలు రాస్తే సార్ ఒప్పుకోరు, ఆన్సర్ తెలిశాక చెరిపి ముప్ఫై చేసేస్తామని ఆయనకి తెలుసు, నేను రెండుసార్లు దొరికిపోయా.