హేవ్‌లాక్‌కి డైవింగ్ సామాను: ఏ బ్యాగు, ఎన్ని కిలోలు

సొంత స్కూబా సామానుతో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్దామనుకుంటే, బ్యాగు కొనేముందు దాన్ని ఖాళీగా తూచి చూడండి. దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్ మీద మామూలుగా ఇచ్చేది చెకిన్‌కి 15 కిలోలు, చేతి సంచికి 7. పెద్ద సైజు గట్టి సూట్‌కేసు ఖాళీగానే అందులో నాలుగైదు కిలోలు మింగేస్తుంది. బట్టల బెంగ అక్కర్లేదు, హేవ్‌లాక్‌లో రెండు నిక్కర్లతో వారం గడిచిపోతుంది.

నేను పట్టుకెళ్లింది చక్రాల్లేని మెత్తటి డఫెల్. భుజాలకి తగిలించుకునే పట్టీలున్నాయి. ఎయిర్‌పోర్టుల్లో చక్రాల బ్యాగులవాళ్లని చూసి కుళ్లుకున్న మాట నిజమే. కానీ ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో ఫెర్రీ ఎక్కేటప్పుడూ, హేవ్‌లాక్‌లో ఇసుక మీద రూము దాకా వెళ్లేటప్పుడూ వాళ్లు ఆ బ్యాగుల్ని మోయాల్సిందే. కాళ్లకి తొడుక్కునే ఫిన్లు రెండు అంచుల వెంట నిలబెట్టి, అడుగున వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూటు) పరిచి, గాలి తీసేసిన బీసీడీని (నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్టు) మధ్యలో పెడితే బ్యాగు దానంతటదే బిగుస్తుంది. కత్తి ఉంటే అందులోనే.

రెగ్యులేటర్ మాత్రం చేతి సంచిలోనే. ఫస్ట్ స్టేజ్‌కి, అంటే సిలిండరుకి తగిలించే భాగానికి, డస్ట్ క్యాప్ బిగించి, హోసులు మడత పడకుండా పెద్ద చుట్టగా చుట్టాలి. స్కానర్ దగ్గర ఆపి ఇదేంటని అడిగారు, నీళ్లలో ఊపిరి తీసుకునేదని చెబితే వదిలేశారు. లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్, పవర్ అద్దాల మాస్కు కూడా అందులోనే. టార్చి బ్యాటరీలు విడిగా తీసి, కొనలకి టేపు వేసి క్యాబిన్‌లోనే ఉంచుకోవాలి. 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే అసలు తీసుకెళ్లనివ్వరు.

గట్టి కేసు డబ్బు దండగ కానిది ఒక్క కెమెరా హౌసింగ్‌కే, అంటే కెమెరాకి నీళ్లు తగలకుండా మూసే పెట్టెకే. పెలికన్ 1510 క్యాబిన్ కొలతలదే, బలమైనదే, కానీ ఖాళీగానే అయిదు కిలోల పైన తూగుతుంది. ఏడు కిలోల్లో ఇక మిగిలేదేముంది? అదే కంపెనీ ఎయిర్ రకాలు తేలిక. ఏది కొన్నా గాలి సర్దుబాటు వాల్వ్ ఉండాలి. లేకపోతే పైకెళ్లినప్పుడు లోపలి గాలి కొంత బయటికి పోయి, దిగాక మూత ఊడిరాదు. హౌసింగ్ బయటి ఒత్తిడిని తట్టుకోవడానికి చేసినది, లోపలి నుంచి తోసే గాలికి కాదు. అందుకే విమానం ఎక్కేముందు దాని మూతకి నీళ్లు చొరకుండా ఉండే రబ్బరు వలయం, ఓ-రింగు, తీసి జిప్ కవర్లో వేశాను.

బస విషయానికొస్తే, రాధానగర్ బీచ్ అందం చూసి అటువైపు దిగకండి. డైవ్ షాపులు ఎక్కువగా మూడు, అయిదు నంబర్ల బీచ్‌ల వైపే, పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. మేం చూసిన ఏసీ రూముకి వరండా లేదు. దానికన్నా చవకైన గుడిసెకి వరండా, రెండు దండేలు, బయట మంచినీళ్ల కుళాయి ఉన్నాయి. గుడిసే తీసుకున్నాం. మేం వెళ్లిన డైవ్ షాపులో సిలిండరు, నీళ్లలో మునగడానికి కట్టుకునే బరువులు ఛార్జీలోనే కలిపారు. సిలిండర్లకి రెగ్యులేటర్ బిగించే పద్ధతి యోక్‌దా, డిన్‌దా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రెండు మూడు డైవ్‌లకే అయితే బీసీడీ, ఫిన్లు అక్కడే అద్దెకి తీసుకోవడం నయం.

వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగమంటారు. ఆ వ్యవధిలో వెట్‌సూట్, బీసీడీ పూర్తిగా ఆరబెట్టండి. తిరుగు ప్రయాణంలో కౌంటర్ దగ్గర ఆరని తడి బరువుకి కూడా కిలోల లెక్కన డబ్బు కట్టించుకుంటారు.