డిటాక్స్ పొడా, రక్తపరీక్షా?

పాత బ్యాటరీలు విప్పే పనిలో ఉన్నవాళ్లకి కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, నీరసం వస్తే గ్యాస్ అనుకుని వదిలేస్తారు. ఆ బ్యాటరీల్లోని సీసం ఒంట్లో చేరి ఉండొచ్చని ఎవరైనా అన్నాక టెన్షన్ మొదలవుతుంది. శ్రీకాకుళంలో ఉన్నా ఫోన్‌లో ముందు కనబడేది ఒంట్లోని విషాల్ని తీసేస్తుందని అమ్మే డిటాక్స్ పొడే.

ఖర్చు: పొడి చవకే, కానీ నెలనెలా కొనాలి. రక్తంలో సీసం పరీక్ష ఖరీదే, అయితే సంగతి తేలుతుంది.

శ్రమ: పొడి ఇంటికొస్తుంది. పరీక్ష రిపోర్టు కోసం ఆగాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పొడి సీసాన్ని బయటికి లాగుతుందనడానికి రుజువు లేదు. పైగా కొన్ని భస్మాల్లోనే సీసం, పాదరసం బయటపడ్డాయి! డాక్టర్లు ఇచ్చే సక్సిమర్ లాంటి కీలేషన్ మందు లోహాన్ని పట్టుకుని ఎక్కువగా మూత్రంలో పంపుతుంది. కాబట్టి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపువాళ్లు ముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. ఆ మందూ అందరికీ ఇవ్వరు. పిల్లల్లో డెసిలీటరు రక్తానికి సీసం 45 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటేనే ఇస్తారు. తక్కువుంటే సీసం ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని ఆపడమే వైద్యం. షాపు దుమ్ము పట్టిన చొక్కాతోనే నాన్న పిల్లాణ్ణి ఎత్తుకుంటే ఏ మందూ నిలవదు.

సీసంతో పనిచేసేవాళ్లు, వాళ్లింటి పిల్లలు పరీక్షకే వెళ్లాలి. ఆ పనితో సంబంధం లేక ఒట్టి నీరసమే అయితే ముందు హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. మణికట్టు వాలిపోయినా, ఫిట్స్ వచ్చినా నేరుగా పెద్దాసుపత్రికే. పొడికి తగిన సందర్భం మాత్రం నాకు కనబడలేదు.