పిడ్‌స్టాట్: స్క్రిప్ట్‌లో పెట్టి దీర్ఘకాలం వాడాక

లినక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాం సీపీయూ ఎంత తింటోందో స్క్రిప్ట్‌తో గమనించాలంటే చాలామంది ముందు నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండే పట్టుకుంటారు. దానితోనే తంటా. పీఎస్ చూపే శాతం ప్రోగ్రాం మొదలైనప్పటి నుంచి లెక్కగట్టిన సగటు. 10 గంటలు ఖాళీగా ఉన్న ప్రోగ్రాం ఉన్నట్టుండి ఒక కోర్ మొత్తం ఆక్రమిస్తే, 6 నిమిషాలు గడిచినా పీఎస్‌లో కనిపించేది 1 శాతమే. అలర్ట్ ఇంకెప్పుడు మోగాలి?

సిస్‌స్టాట్ ప్యాకేజీతో వచ్చే పిడ్‌స్టాట్ అలా కాదు, అడిగిన వ్యవధిలో ఎంత వాడిందో అంతే చెబుతుంది. నాకు 5 సెకన్ల వ్యవధి బాగా కుదిరింది. 1 సెకను పెడితే అంకెలు ఊరికే ఎగిరిపడతాయి, 60 పెడితే చిన్న కుదుపులు సగటులో కలిసిపోతాయి. వరసగా మూడు రీడింగులు హద్దు దాటితేనే అలర్ట్ పంపడం మేలు.

అసలు చిక్కు అవుట్‌పుట్‌ను ఆక్ (టెక్స్ట్‌ను కాలమ్‌లుగా చీల్చే టూల్)తో విడగొట్టేటప్పుడు వస్తుంది. లొకేల్‌ను (భాష, టైం చూపే తీరును నిర్ణయించే సెట్టింగ్) బట్టి టైం పక్కన ఏఎం, పీఎం వచ్చి చేరితే కాలమ్‌లన్నీ ఒకటి జరుగుతాయి. పైగా పాత వెర్షన్లలో వెయిట్ (సీపీయూ కోసం ఎదురుచూసిన శాతం) కాలమే ఉండదు. సర్వర్ మారితే స్క్రిప్ట్ నోరెత్తకుండా తప్పు అంకె చదివేస్తుంది. లొకేల్‌ను సీ అని ఖాయం చేసి, కాలమ్ నంబరును హెడర్ లైన్ నుంచే వెతికి పట్టుకోవాలి. ఆక్ ఫలితాన్ని ఫైల్‌లోకి రాస్తుంటే ప్రతి ప్రింట్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ (బఫర్‌లో ఆగినదాన్ని వెంటనే రాయించే ఫంక్షన్) పిలవండి, లేకపోతే లాగ్ చాలాసేపు ఖాళీగానే కనిపిస్తుంది.

ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే నాలుగు థ్రెడ్లు ఊపుగా పనిచేస్తే 400 శాతం దాకా చూపిస్తుంది. అది తప్పు కాదు. మొత్తం కోర్ల మీద భాగించిన లెక్క కావాలంటే క్యాపిటల్ ఐ ఆప్షన్ ఉంది. ఏ థ్రెడ్ తింటోందో చిన్న టీ ఆప్షన్ చెబుతుంది. నిజానికి ఇది వదలకుండా వాడటానికి పెద్ద కారణం అదే.

ప్రోగ్రాం రీస్టార్ట్ అయితే పీఐడీ (ప్రాసెస్ నంబరు) మారిపోతుంది. పీఐడీకి బదులు క్యాపిటల్ సీ ఆప్షన్‌తో పేరిస్తే ఆ బాధ లేదు, కాకపోతే ఆ పేరు కలిసిన ఇతర ప్రాసెస్‌లూ వచ్చిపడతాయి.

ప్రోగ్రాం పుట్టించి క్షణాల్లో పోయే చైల్డ్ ప్రాసెస్‌లను మాత్రం ఇది పట్టుకోలేదు. రెండు రీడింగుల మధ్యే అవి ముగిసిపోతాయి. అలాంటి ప్రోగ్రాం సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) సర్వీస్‌గా నడుస్తుంటే, దాని సీగ్రూప్ (దాని ప్రాసెస్‌లన్నిటినీ కలిపి లెక్కించే కెర్నెల్ గుంపు)లోని సీపీయూ.స్టాట్ ఫైల్‌ను రెండుసార్లు చదివి తేడా తీయండి. అందులో యూసేజ్ మైక్రోసెకన్లలో ఉంటుంది, పోయిన చైల్డ్‌ల లెక్క కూడా కలిసే ఉంటుంది.