కెనడా పౌరసత్వానికి ‘రోజులు సర్దిపెడతాం’ అనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త: కడప జిల్లా వాళ్లకు హెచ్చరిక

కెనడాలో ఉన్న మీ అబ్బాయి, అమ్మాయి పౌరసత్వం దరఖాస్తు కోసం కడపలోనో ప్రొద్దుటూరులోనో ఏదైనా కన్సల్టెన్సీకి డబ్బు కట్టబోతున్నారా? కట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. ‘అక్కడ ఉన్న రోజులు తక్కువైతే మేం సర్దిపెడతాం, భాషా పరీక్ష పత్రం మేమే తెప్పిస్తాం’ అని ఎవరైనా అంటే మారుమాట్లాడకుండా లేచి వచ్చేయండి. మా కుటుంబం దగ్గర లక్షా ఎనభై వేల రూపాయలు తీసుకుని మా తమ్ముడి పేరు మీద ఒక సంస్థ తయారుచేసిన ఫైలును నేను కాగితం కాగితం చదివాను. వ్యవహారం జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి మాత్రం మీకు తెలియాలి. అదే పద్ధతి రేపు ఇంకో బోర్డు కింద కనిపించవచ్చు.

మా తమ్ముడు చదువు కోసం వెళ్లి, ఉద్యోగంలో చేరి, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తెచ్చుకున్నాడు. నాన్నకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు సెలవు పెట్టి వచ్చి నెలల తరబడి కడపలోనే ఉన్నాడు. కొడుకు తన కోసం అక్కడి పని వదులుకున్నాడన్న బాధ నాన్నకు ఉండిపోయింది. పౌరసత్వం పనైనా తన చేతుల మీదుగా జరిపించాలని కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసుకు వెళ్లి రెండు విడతలుగా డబ్బు కట్టారు. రశీదు మీద వాళ్లు రాసింది ‘డాక్యుమెంటేషన్ ఛార్జీలు’ అని. పౌరసత్వం అన్న మాట ఎక్కడా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, దీని సంగతి తర్వాత చెబుతాను.

మన జిల్లాలో ఏజెంటు అంటే తరతరాలుగా కువైట్ ఏజెంటే. అక్కడ వీసా ఇచ్చేది యజమాని, కాగితాలు నడిపేది ఏజెంటు, మనవాళ్లు సంతకం పెట్టి విమానం ఎక్కుతారు. ఆ అలవాటే కెనడా విషయంలోనూ పనికొస్తుందనుకుంటున్నాం. కెనడా పౌరసత్వంలో ప్రతి వాక్యానికీ బాధ్యుడు దరఖాస్తుదారే. ఫారం నింపింది కడపలో ఎవరైనా, సంతకం పెట్టినవాడే జవాబు చెప్పుకోవాలి.

ఇక వాళ్లు చేసిన పని. ముందుగా రోజుల లెక్క, అసలు మోసమంతా అక్కడే ఉంది.

చట్టం చెప్పేది ఇది. దరఖాస్తు మీద సంతకం చేసిన తేదీకి ముందున్న అయిదేళ్లలో 1,095 రోజులు కెనడా గడ్డ మీద ఉండాలి. 2015లో ఈ నిబంధనను ఆరేళ్లలో 1,460 రోజులుగా చేశారు, 2017 అక్టోబరు నుంచి అయిదేళ్లలో 1,095కు తగ్గించారు. పీఆర్ రాకముందు చదువు అనుమతి మీదో పని అనుమతి మీదో ఉన్న రోజులు కూడా లెక్కకు వస్తాయి. అయితే ఒక్కో రోజుకు సగమే. ఆ సగాలన్నీ కలిపినా 365 దాటకూడదు. ఒక విద్యార్థి పీఆర్‌కు ముందు రెండేళ్లు అక్కడ ఉన్నాడనుకోండి. 730 రోజులకు అతనికి దక్కేది 365. మూడేళ్లు ఉన్నా అంతే. మిగిలిన 730 రోజులు పీఆర్ వచ్చాకే నిండాలి.

మా ఫైలులో చదువుకున్న కాలమంతా పూర్తి రోజులుగా వేశారు. అందులో కొంత భాగం అయిదేళ్ల గడువుకు బయట ఉంది, దాన్నీ కలిపేశారు. నాన్న ఆపరేషన్ కోసం వచ్చి ఇక్కడ గడిపిన నెలలను అసలు తీసేయలేదు. నేను వెళ్లి అడిగాను: “మా తమ్ముడు అన్ని నెలలు ఇక్కడే ఉన్నాడు కదండీ, ఆ రోజులు ఎందుకు తీసేయలేదు?” కుర్చీలో ఉన్నాయన తడుముకోలేదు. “అవన్నీ అక్కడ ఎవరూ లెక్కపెట్టరు మేడం. పైగా కావలసింది 730 రోజులే.”

ఈ 730 మాట మీరూ వింటారు. అది పీఆర్ నిలబెట్టుకోవడానికి అయిదేళ్లలో ఉండవలసిన రోజుల సంఖ్య. పైన ఉదాహరణలో మిగిలిన 730 వేరు, పౌరసత్వానికి ఈ నిబంధనతో సంబంధం లేదు. రెండు నిబంధనలనూ కలిపేసి చెప్పడం తెలియక చేసే పొరపాటని మొదట అనుకున్నాను. అదే ఆఫీసు గోడ మీద 1,095 అని పెద్ద అక్షరాలతో రాసి ఉండడం చూశాక ఆ అనుమానం తీరిపోయింది.

లెక్కపెట్టరన్నది కూడా అబద్ధం. కెనడాలోకి వచ్చిన తేదీలు సరిహద్దు అధికారుల దగ్గర ఉంటాయి. 2020 నుంచి విమానంలో దేశం విడిచి వెళ్లే వాళ్ల వివరాలు కూడా వాళ్లకు చేరుతున్నాయి. మన పాస్‌పోర్టు మీద చెన్నైలోనో బెంగళూరులోనో పడిన ముద్రలు ఎటూ ఉంటాయి. ఇన్నిచోట్ల నమోదైన తేదీలను కడపలో కూర్చుని ఎవరు మార్చగలరు?

అందుకే వాళ్లు తేదీల బదులు కాగితాలు పుట్టిస్తారు. ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, సంతకం పెట్టమని పంపిన కాగితాల్లో అద్దె ఒప్పందం ఒకటి ఉంది. ఆ ఊళ్లో నేనెప్పుడూ ఉండలేదు.” అతను మన ఆసుపత్రి వరండాలో నాన్న పక్కన నిద్రపోయిన నెలల్లో, కెనడాలో ఒక ఇంట్లో అద్దెకు ఉన్నట్లు ఆ కాగితం చెబుతోంది. ఇంటి యజమాని సంతకం కూడా ఉంది. తమ్ముడు ఏ కాగితం మీదా సంతకం చేయలేదు, ఆ రోజే నాకు ఫైలు మొత్తం పంపించాడు. ఒక మనిషి తండ్రికి చేసిన సేవను చెరిపేసి, ఆ స్థానంలో దొంగ అద్దె కాగితం పెట్టడం! డబ్బు పోయినందుకు కన్నా దీనికే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఆ సంతకం పడి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాలి. దరఖాస్తులో అబద్ధం తేలితే తిరస్కరణతో ఆగదు, అయిదేళ్ల పాటు పౌరసత్వం దొరకకుండా నిషేధం పడుతుంది. నేరం రుజువైతే లక్ష కెనడా డాలర్ల వరకు జరిమానా గానీ, అయిదేళ్ల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పౌరసత్వం వచ్చాక బయటపడినా దాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఇది కాగితం మీది బెదిరింపు అనుకోకండి. 2012 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వం మోసంతో పౌరసత్వం పొందారన్న కారణంగా సుమారు 3,100 మంది పౌరసత్వాలను రద్దు చేసే ప్రక్రియ మొదలుపెట్టినట్లు ప్రకటించింది. అప్పటికి దాదాపు 11,000 మంది మీద విచారణ నడుస్తోంది. వాళ్లలో చాలామంది చేసింది ఇదే పని: అక్కడ ఉండకపోయినా ఉన్నట్లు చూపించే కాగితాలను దళారుల దగ్గర కొనుక్కోవడం.

భాష సంగతి. దరఖాస్తుకు సంతకం చేసే నాటికి 18 నుంచి 54 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లే ఇంగ్లీషు లేదా ఫ్రెంచి వచ్చని రుజువు చూపాలి. కావలసింది వినడం, మాట్లాడడంలో కెనడా కొలమానం ప్రకారం నాలుగో స్థాయి. ఐఈఎల్‌టీఎస్ జనరల్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసినవాళ్లకు వినడంలో 4.5, మాట్లాడడంలో 4 వస్తే చాలు. చదవడం, రాయడం మార్కులు దీనికి చూడరు.

మా తమ్ముడి ఐఈఎల్‌టీఎస్ గడువు తీరిపోయిందని, కొత్తది కావాలని చెప్పి నలభై అయిదు వేలు అదనంగా అడిగారు. ‘పరీక్షకు రావలసిన పనిలేదు, ఫలితం మేం తెప్పిస్తాం’ అన్నారు. పీఆర్ కోసం రాసిన పాత పరీక్ష ఫలితం గడువు తీరినా పౌరసత్వానికి పనికొస్తుంది. అది కూడా అక్కరలేకుండా, ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన డిగ్రీ చూపించవచ్చు. కెనడాలో చదివినదే కానవసరం లేదు, బయటి దేశాల్లో చదివినదైనా ఫరవాలేదు. అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలో బీటెక్ చేసినవాళ్లు, యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు మాధ్యమంలో పీజీ చేసినవాళ్లు, బోధన ఇంగ్లీషులో జరిగిందని తెలిసేలా పట్టా, మార్కుల జాబితా, ధ్రువపత్రం జతచేసుకుంటే సరిపోతుంది. అంటే మన జిల్లా నుంచి వెళ్లిన ఇంజనీర్లలో చాలామందికి పైసా ఖర్చు లేకుండా తీరే పని ఇది. దానికి నలభై అయిదు వేలు!

అదే ఆఫీసులో మైదుకూరు వైపు నుంచి వచ్చిన దంపతులు కలిశారు. పిల్లల దగ్గర పీఆర్ మీద ఉంటున్నారు. ఆవిడకు 58 ఏళ్లు. ‘భాష మినహాయింపు’ ఇప్పిస్తామని ఆవిడ దగ్గర విడిగా ముప్పై వేలు తీసుకున్నారు. 55 దాటితే ఆ నిబంధనే వర్తించదు, పౌరసత్వ పరీక్ష కూడా ఉండదు. ఇప్పించడానికి అందులో ఏముంది?

ఇంకో అబద్ధం మన రైతు కుటుంబాలకు నేరుగా తగిలేది. ‘రెండు పౌరసత్వాలూ ఉంచుకోవచ్చు’ అంటారు. కెనడా ఒప్పుకుంటుంది, భారతదేశం ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, తనంతట తాను వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లకు భారత పౌరసత్వం పోతుంది. మన పాస్‌పోర్టు అప్పగించాలి. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తెచ్చుకుంటే వీసా లేకుండా రావచ్చు, ఉండవచ్చు. కానీ ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. పులివెందుల దగ్గర చీనీ తోట కొందామని అబ్బాయి డబ్బు దాస్తున్న ఇంట్లో ఈ మాట ముందే తెలియాలి కదా. మా నాన్నకు ఆ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

డబ్బు తిరిగి అడిగితే ‘ఫైలు తయారైంది, పని అయిపోయింది’ అన్నారు. రశీదు మీద ‘డాక్యుమెంటేషన్’ అని ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది. కాగితాలు తయారుచేశాం కాబట్టి సేవ అందినట్లేనని వాళ్ల వాదన. అందుకే రశీదులో ఏ పనికి, ఏ దేశానికి, ఎవరి పేరు మీద అన్నది స్పష్టంగా రాయించుకోండి. రాయనంటే కట్టకండి. మాకు వాట్సాప్‌లో వచ్చిన సందేశాలు, బ్యాంకు వివరాలు, ఆ దొంగ అద్దె ఒప్పందం అన్నీ దాచి ఉండడం వల్ల ఫిర్యాదు నిలబడింది.

ఇలాగే చిక్కుకున్నవాళ్లకు దారులు ఉన్నాయి. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, సంస్థ హైదరాబాదులో ఉన్నా సరే. రెండేళ్ల లోపు వేయాలి. దానికి ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి అప్పుడే మోసం గ్రహించినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. దొంగ పత్రాలు తయారుచేసిన చోట అది పోలీసు కేసు కూడా అవుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వడం మా విషయంలో ఉపయోగపడింది.

సలహాదారు తప్పనిసరి అనుకుంటే, డబ్బు తీసుకుని కెనడా పౌరసత్వ దరఖాస్తు విషయంలో సలహా ఇచ్చే హక్కు ఎవరికి ఉందో చూడండి. కెనడాలోని న్యాయవాదులు, అక్కడి ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్సు ఉన్నవాళ్లు, క్యూబెక్ నోటరీలు. ఆ కాలేజీ వెబ్‌సైటులో లైసెన్సుదారుల జాబితా ఎవరైనా వెతుక్కోవచ్చు. మాకు తగిలిన సంస్థ ‘కెనడా భాగస్వామి’ అని చెప్పుకున్న పేరు అందులో లేదు. ప్రతినిధి పేరు దరఖాస్తులో రాయాల్సి ఉండగా, ‘మేం సాయం చేసినట్లు చూపించకండి’ అని కూడా చెప్పారు. ఆ ఒక్క మాట చాలు, అనుమానించడానికి.

నిజానికి ఈ దరఖాస్తు సొంతంగా చేసుకోగలిగినదే. ప్రభుత్వ వెబ్‌సైటులో రోజుల లెక్కకు ఉచిత సాధనం ఉంది. వెళ్లివచ్చిన తేదీలు వేస్తే అదే కూడి చూపిస్తుంది. బయలుదేరిన రోజు, తిరిగి చేరిన రోజు కెనడాలో ఉన్నట్లే లెక్క. అయిదేళ్లలో కనీసం మూడేళ్లు, అవసరమైనవాళ్లు, ఆదాయపు పన్ను రిటర్నులు వేసి ఉండాలి. ప్రభుత్వ రుసుము పెద్దవాళ్లకు సుమారు 650 కెనడా డాలర్లు. పరీక్షలో 20 ప్రశ్నలకు 15 సరిగ్గా రాయాలి, చదవాల్సిన పుస్తకం ఉచితం. మా తమ్ముడు ఆ సాధనంలో తేదీలు వేసి చూసుకున్నాడు. రోజులు చాలలేదు, ఆగుతున్నాడు. 1,095 దాటాక మరి కొన్ని వారాలు అదనంగా ఉండి వేద్దామనుకుంటున్నాడు. ఎక్కడైనా ఒక తేదీ తేడా వచ్చినా దరఖాస్తు పడిపోకుండా ఉంటుంది.

ఇప్పటికే ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇచ్చినవాళ్లు ఉంటే ఈ పని వెంటనే చేయండి. కెనడా ఇమిగ్రేషన్ ఖాతా పాస్‌వర్డు, దానికి ఇచ్చిన ఈమెయిలు పాస్‌వర్డు మార్చండి. నా అనుమతి లేకుండా ఏ దరఖాస్తూ పంపవద్దని ఆ సంస్థకు ఈమెయిలులో రాసి నకలు ఉంచుకోండి. మీ పేరు మీద దరఖాస్తు వెళ్లిపోయిందని తెలిస్తే, లైసెన్సు ఉన్న న్యాయవాదితో మాట్లాడి, అధికారులు అడగకముందే దాన్ని వెనక్కి తీసుకునే లేఖ పంపండి. ఒరిజినల్ పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉంటే ఈరోజే వెళ్లి తెచ్చుకోండి. ఇవ్వకపోతే అక్కడి నుంచే 112కు ఫోన్ చేయండి.